పెట్టె లేకుండా పెట్టె చప్పుడు

సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ ఉత్సవం. వేదిక వెనక నల్లటి మార్షల్ క్యాబినెట్ నిలబెట్టి ఉంది. నాలుగు స్పీకర్ల పెట్టె, నడుము ఎత్తు. కేబుల్ చేతికి చుట్టుకుని ఆశగా అటు నడిచాను. సౌండ్ చూసుకునే కుర్రాడు మధ్యలోనే ఆపాడు. "అన్నా, అది ఫొటోల కోసం పెట్టిన్రు. అండ్ల స్పీకర్లు లేవు. నువ్వు ప్రాసెసర్ నుంచి డైరెక్ట్ లైన్‌ల ఇచ్చెయ్."

ఇచ్చేశాను. జనం చూసింది ఖాళీ పెట్టె, విన్నది నా కాలి దగ్గరి ప్రాసెసర్‌లో లెక్కగా దాచిన మరో పెట్టె. పాట బాగానే వెళ్లింది, చప్పట్లూ పడ్డాయి. నాకు మాత్రం ఏదో వెలితి. ఆ వెలితి నిజంగా శబ్దంలో ఉందా, నా బుర్రలో ఉందా అన్న అనుమానం అప్పటినుంచీ వదల్లేదు. డిజిటల్ క్యాబ్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ పెట్టె చప్పుడుకి లెక్కతో తీసే నకలు, అసలు క్యాబినెట్‌కి ఎంత దగ్గరగా వస్తుందన్న ప్రశ్న గిటారిస్టుల మధ్య పాతికేళ్లుగా నలుగుతోంది. దాని మీద ఇప్పటికి తేలిందేమిటో, తేలనిదేమిటో చూద్దాం.

వీణకి కుండ ఎంతో ఎలక్ట్రిక్ గిటార్‌కి స్పీకర్ పెట్టె అంత. ఇంట్లో పాటలు వినే స్పీకర్ వచ్చినదాన్ని వచ్చినట్టు వినిపించాలి. గిటార్ స్పీకర్‌ని ఎవరూ అలా అడగరు. 12 అంగుళాల కాగితపు కోన్, తేలికైన వాయిస్ కాయిల్, బిగువైన మడతల అంచు. 5, 6 కిలోహెర్ట్జ్ దాటిందంటే స్పందన నిట్టనిలువునా పడిపోతుంది. హై-ఫై వాళ్లకి ఇది లోపం, మనకి ప్రాణం. పగిలేలా వాయించిన ఆంప్‌లో పైస్థాయి గరగరలు బోలెడు ఉంటాయి. వాటిని జల్లెడ పట్టేది ఈ పడిపోవడమే. నమ్మకం లేకపోతే డిస్టార్షన్ పెడల్ని తీసుకెళ్లి నేరుగా ఆహుజా ఆంప్లిఫయర్‌కి తగిలించి చూడండి. రేకు డబ్బాలో కందిరీగల తుట్టె కదిపినట్టుంటుంది. మనలో చాలామంది ఎలక్ట్రిక్ గిటార్‌ని మొదటిసారి విన్నది ఇలాగే, మండపం పక్కన పీఏ పెట్టెలోంచి. ఎలక్ట్రిక్ గిటార్ అంటే చెవులు మూసుకునే పెద్దవాళ్లది పూర్తిగా తప్పని నేననను.

కింది స్థాయిలో ఇంకో ముచ్చట. సెలెస్టియన్ వాళ్ల పేరుమోసిన జీ12ఎం స్పీకర్ తనంతట తాను మోగే స్థాయి 75 హెర్ట్జ్. గిటార్ లావు తీగని ఖాళీగా మీటితే 82 హెర్ట్జ్. అంటే గిటార్ మంద్రం దాదాపు స్పీకర్ సొంత గొంతు మీదే వచ్చి కూర్చుంటుంది. ఇక 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కోన్ ఒకే ముక్కగా కదలడం మానేసి తునకలు తునకలుగా ఊగుతుంది. ఒక స్పీకర్‌ని ఇంకో స్పీకర్ నుంచి చెవి వేరుచేసేది ఎక్కువగా ఈ ప్రాంతంలోనే. ఈ మూడింటినీ కలిపి నకలు తీయగలిగితేనే క్యాబ్ సిమ్యులేషన్.

మొదటి నకళ్లు డిజిటల్ కావు. బోస్టన్ బ్యాండ్ గిటారిస్టు, స్వయానా ఇంజనీరు అయిన టామ్ షోల్జ్ 1982లో రాక్‌మన్ తెచ్చాడు. నడుముకి తగిలించుకుని హెడ్‌ఫోన్లలో వాయించుకునే చిన్న డబ్బా అది. 1989లో ఆండ్రూ బార్టా సాన్స్‌ఆంప్ పెడల్ చేశాడు. రెండింటిలోనూ పెట్టె స్థానంలో ఉన్నది కొన్ని అనలాగ్ ఫిల్టర్లు. 1998లో లైన్ 6 కంపెనీ పాడ్‌తో కథ డిజిటల్‌లోకి వచ్చింది. చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రటి డబ్బా. అందులో ఆంప్‌లు ఫరవాలేదనిపించేవి, క్యాబ్‌లు మాత్రం గొంతులో జలుబు చేసినట్టుండేవి. "డిజిటల్ అంటే ప్లాస్టిక్ సౌండు" అన్న మాట ఆ రోజుల్లో పుట్టింది. అప్పటికి అది న్యాయమైన మాటే. చిక్కేమిటంటే ఆ మాట ఇప్పటికీ అలాగే తిరుగుతోంది.

మలుపు తిప్పింది ఇంపల్స్ రెస్పాన్స్, గిటారిస్టుల భాషలో ఐఆర్. గోల్కొండకి వెళ్లినవాళ్లకి దీన్ని వివరించడం తేలిక. ఫతే దర్వాజా కమాను కింద చప్పట్లు కొట్టి, పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తోందా అని అడుగుతాం కదా. తెలియకుండానే మనం అక్కడ ఒక కొలత తీసుకుంటున్నాం. ఒక్క చప్పట్ల దెబ్బకి ఆ రాతి కట్టడం ఏమని బదులిచ్చిందో అది ఆ కట్టడం ఇంపల్స్ రెస్పాన్స్. ఇప్పుడు ఏ శబ్దాన్నయినా వేల చిన్న చిన్న చప్పట్ల వరుసగా ఊహించుకోండి. ఒక్కోదానికి వచ్చే బదులుని దాని బలానికి తగ్గట్టు పెంచి తగ్గించి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి కూడితే, ఆ శబ్దం అక్కడ మోగితే ఎలా ఉంటుందో వచ్చేస్తుంది. క్యాబినెట్ దగ్గరా ఇదే లెక్క. గోల్కొండ బదులు పెట్టె, బాలాహిస్సార్ బదులు మైకు.

లెక్క సులువే గానీ చాకిరీ ఎక్కువ. సెకనుకి 48,000 శాంపిళ్లు, ఐఆర్ పొడవు 2,048 శాంపిళ్లు అనుకుంటే సెకనుకి దాదాపు 10 కోట్ల గుణకారాలు. పాడ్ నాటి చిప్‌లకి ఇది మోయలేని బరువు. ఇవాళ అరచేతిలో పట్టే పెడల్ కూడా ఆ పని చేసేస్తోంది. అన్నట్టు ఆ 2,048 శాంపిళ్ల నిడివి 43 మిల్లీసెకన్లే. పెట్టె బుద్ధి మొత్తం అంతలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత వినబడేదంతా గది.

కొలిచే పద్ధతికి పేరు తెచ్చింది ఇటలీ ఆచార్యుడు ఆంజెలో ఫరీనా. స్పీకర్ దగ్గర తుపాకీ పేల్చలేం కదా. అందుకని మంద్రం నుంచి తారం దాకా మెల్లగా ఎక్కే ఈల లాంటి స్వీప్‌ని స్పీకర్‌లో మోగించి, రికార్డు చేసి, లెక్కతో వెనక్కి మడిచి ఐఆర్ రాబట్టే దారిని ఆయన 2000లో పారిస్‌లో జరిగిన ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో వివరించాడు. ఇందులో ఒక గమ్మత్తుంది. స్పీకర్ తన స్వభావం కొద్దీ కలిపే వక్రత, అంటే అసలు సిగ్నల్‌లో లేని హార్మోనిక్స్, మడిచాక అసలు ఐఆర్ కంటే ముందే విడిగా వచ్చి పడతాయి. వాటిని చక్కగా కత్తిరించి అవతల పారేయొచ్చు. కొలతలు తీసేవాడికి అది వరం. గిటారిస్టుకి? మనకి కావలసిన మురికిలో కొంత ఆ కత్తిరింపుల్లోనే పోతోంది మరి.

వాస్తవికత గురించిన వాదమంతా ఇక్కడే మొదలవుతుంది. ఐఆర్ రెండు నమ్మకాల మీద నిలబడింది. ఒకటి, లోపలికి రెండింతలు పంపితే బయటికి రెండింతలే వస్తుంది. రెండు, నిన్న ఎలా ఉందో స్పీకర్ ఇవాళా అలాగే ఉంటుంది. నిజం స్పీకర్ ఈ రెండు మాటలూ తప్పుతుంది. కాయిల్ అయస్కాంతపు సందులోంచి బయటికి జరిగేకొద్దీ దాన్ని నడిపే బలం తగ్గుతుంది. అంచు ఒక హద్దు దాటి సాగదు. గిటార్ స్పీకర్ల కాయిల్‌కి కదలడానికి చోటు కూడా తక్కువే, ఇంట్లోని బాస్ స్పీకర్‌తో పోలిస్తే ఎంతో తక్కువ. పైగా రాగి తీగ వేడెక్కుతుంది. ఒక్కో డిగ్రీకి రాగి నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 40 శాతం పెరిగి, అదే ఓల్టేజికి కరెంటు దానికి తగ్గట్టు పడిపోతుంది. శబ్దంలో అది దాదాపు 3 డెసిబెల్స్. పాట చివరికి వచ్చేసరికి స్పీకర్ కాస్త అలసినట్టు, దెబ్బ మెత్తబడినట్టు అనిపించడం పూర్తిగా భ్రమ కాదన్నమాట.

పరిశోధకులకి ఇది కొత్త విషయం కాదు. 2008లో ఫిన్లాండ్‌లో జరిగిన డిజిటల్ ఆడియో ఎఫెక్ట్స్ సదస్సులో డేవిడ్ యే, బలాజ్ బ్యాంక్, మాట్టి కార్యలైనెన్ గిటార్ క్యాబినెట్ వక్ర ప్రవర్తనని ఎలా మోడల్ చేయాలో ఒక పత్రం సమర్పించారు. మార్కెట్‌లోకీ ఆ ఆలోచన దిగింది. యూనివర్సల్ ఆడియో ఓఎక్స్, ఫ్రాక్టల్ ఆడియో యాక్స్-ఎఫెక్స్ లాంటివి స్పీకర్ ఒత్తిడికి నలిగే తీరుని కూడా లెక్కగడతాయి. 1924 నుంచీ స్పీకర్లు చేస్తున్న సెలెస్టియన్ 2017లో తన స్పీకర్ల ఐఆర్‌లు తానే అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒత్తిడికి మారే రకాలూ తెచ్చింది. కాగితం, అయస్కాంతం అమ్మిన కంపెనీ ఇప్పుడు వాటి నీడలు కూడా అమ్ముతోందంటే, నీడకి బజారులో ఉన్న విలువ అర్థమవుతుంది. ఒకటి మాత్రం ఐఆర్‌కి అసలు లొంగదు, లెస్లీ లాంటి గిరగిరా తిరిగే స్పీకర్. క్షణానికో చోట ఉండేదానికి ఒక్క ఫొటో ఏం చాలుతుంది?

అయితే ఈ వక్రత ఎంత పెద్దదని అడగాలి. నా ఉద్దేశంలో దీన్ని చాలా పెంచి చెబుతున్నారు. డిస్టార్షన్‌తో వాయిస్తున్నప్పుడు ఆంప్ అప్పటికే సిగ్నల్‌ని పిండి పిప్పి చేసి పంపుతుంది. దాని మీద స్పీకర్ కలిపే కొద్దిపాటి వక్రతని పట్టుకోవడం మామూలు చెవికి సాధ్యం కాదు. నెమ్మదైన క్లీన్ వాయింపులో స్పీకర్‌కి అంత కష్టమే లేదు. తేడా నిజంగా బయటపడేది ఒక ఇరుకు సందులోనే. బాగా బిగ్గరగా, లావు తీగల మీద అరచేయి ఆనించి కొట్టే దెబ్బల్లో. మెటల్ వాయించేవాళ్లు ఐఆర్ చాలదంటే వాళ్ల మాట వింటాను. మిగతావాళ్లు అంటే అంత సులభంగా నమ్మను.

జనం తక్కువ మాట్లాడే, నిజానికి ఎక్కువ పనిచేసే విషయం ఇంపీడెన్స్, అంటే కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు. పెట్టె మీద 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది గానీ, స్పీకర్ సొంతంగా మోగే స్థాయి దగ్గర అది ఎన్నో రెట్లు పెరుగుతుంది, పైస్థాయిలో మళ్లీ మెల్లగా ఎక్కుతుంది. ట్యూబ్ ఆంప్ ఈ ఎత్తుపల్లాలకి లొంగుతుంది, ఎత్తున్న చోట ఎక్కువ శబ్దం ఇస్తుంది. అంటే పెట్టె శబ్దాన్ని వడపోయడంతో ఆగదు, ఆంప్ నోట్లోంచి వచ్చే మాటనే మారుస్తుంది. ఐఆర్ ఒక్కటీ ఈ వెనక్కి లాగే పని చేయలేదు. అది ఆంప్ మోడల్‌లోనో, స్పీకర్ బదులు ఆంప్ వెనక తగిలించే, ఈ ఎత్తుపల్లాలని అనుకరించే రియాక్టివ్ లోడ్ బాక్సులోనో జరగాలి. మామూలు రెసిస్టర్ లోడ్ పెట్టుకుని, మంచి ఐఆర్ వేసుకుని, "శబ్దం చప్పగా ఉంది, ఐఆర్ దండగ" అనేవాళ్లని చాలామందిని చూశాను. తప్పు ఐఆర్‌ది కాదు.

ఈమధ్య న్యూరల్ పద్ధతి వచ్చింది, రికార్డింగుల నుంచి ఆంప్ తీరుని కంప్యూటరే నేర్చుకునేది. స్టీవెన్ యాట్కిన్సన్ అందరికీ ఉచితంగా ఇచ్చిన న్యూరల్ ఆంప్ మోడలర్‌తో ఆంప్‌ని, కావాలంటే పెట్టెతో మైకుతో సహా, ఒకేసారి పట్టేయొచ్చు. వక్రత కూడా అందులో కొంత చిక్కుతుంది. అయినా ఎక్కువమంది ఆంప్‌ని న్యూరల్‌గా, పెట్టెని ఐఆర్‌గా విడివిడిగానే ఉంచుకుంటున్నారు. పెట్టె మార్చుకునే స్వేచ్ఛ పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

ఇక మైకు సంగతి. ఈ ప్రశ్నకి గుండెకాయ ఇదే అనుకుంటాను. గాలిలో 1 కిలోహెర్ట్జ్ శబ్దపు అల పొడవు 34 సెంటీమీటర్లు, కోన్ వెడల్పు 30. అక్కడి నుంచి పైస్థాయి శబ్దం చుట్టూ పరుచుకోకుండా టార్చిలైటు వెలుగులా ఎదురుగా దూసుకుపోతుంది. ఎదురుగా నిలబడితే చెవిలో సూది, పక్కకి తప్పుకుంటే దుప్పటి కప్పినట్టు. పెట్టె ఉండేది నడుముకి కింద, గిటారిస్టు చెవులు ఉండేది ఐదడుగుల ఎత్తులో. కాబట్టి వాయించేవాడు జీవితమంతా తన పెట్టెని పక్కవాటుగానే వింటాడు. మైకు మాత్రం జాలీకి ముక్కు ఆనించి వింటుంది. ఎన్నో రికార్డుల్లో గిటార్ క్యాబినెట్ ముందున్నది 1965లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం57. దాన్ని కోన్ నడిమి నుంచి ఒక్క అంగుళం అంచువైపు జరిపితే వచ్చే మార్పు, అసలు పెట్టెకీ దాని మంచి ఐఆర్‌కీ మధ్య ఉన్న తేడా కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇది ఎవరైనా ఒక మధ్యాహ్నం కూర్చుని తేల్చుకోగలిగిన విషయం.

కాబట్టి ఐఆర్ నకలు తీసేది పెట్టెని కాదు, ఒక మైకు ఒకచోట నిలబడి విన్న పెట్టెని. ఆ పనిలో అది దాదాపు నెగ్గింది. గదిలో ఒంటికి తగిలే పెట్టెని ఇస్తానని అది ఎప్పుడూ మాట ఇవ్వలేదు. వేదిక మీద నాకు తోచిన వెలితి అదే. ప్యాంటు గుడ్డ వణకలేదు. గట్టిగా వాయిస్తే గాలి తిరిగొచ్చి తీగని కదిపి స్వరాన్ని సాగదీయలేదు. గిటారిస్టు హెండ్రిక్స్ చేతిలో ఆ గాలి కూడా వాద్యంలో భాగమే. చెవిలో బుడిపె మానిటర్ పెట్టుకున్నవాడికి అది ఏ ఐఆర్‌తోనూ రాదు. ప్రాసెసర్ నుంచి పవర్ ఆంప్‌కీ, అక్కడి నుంచి నిజం గిటార్ పెట్టెకీ పంపితే వస్తుంది. కానీ అప్పుడు సిమ్యులేషన్ ఆపేయాలి, లేదంటే పెట్టె మీద పెట్టె అవుతుంది.

చెవి మోసం ఒకటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు, మెల్లని శబ్దంలో మన చెవికి మంద్రం సరిగా ఆనదు, తారం చివరలూ అంతే. రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కిందా పైనా పెంచి తయారుచేసుకున్న ప్యాచ్ (ప్రాసెసర్ అమరిక) వేదిక మీద బిగ్గరగా మోగేసరికి కింద బురద, పైన రంపం. "డిజిటల్ స్టేజీకి పనికిరాదు" అనే తీర్పుల్లో సగం ఇలా వచ్చినవే. ప్యాచ్‌ని వాయించబోయే ధ్వనిస్థాయిలోనే దిద్దుకోమని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, చర్చిలో మిక్సర్ దగ్గర కూర్చునే ఒక పెద్దాయన.

ఇదంతా సికింద్రాబాద్‌కి ఎందుకు పట్టాలి? కంటోన్మెంటు, రైల్వే కలిసి పెంచిన ఊరు ఇది. లాలాగూడ రైల్వే కాలనీల ఆంగ్లో-ఇండియన్ ఇళ్లలో, ఇన్‌స్టిట్యూట్ డాన్సుల్లో, చర్చిల్లో గిటార్ ఎప్పటినుంచో ఉంది. ఇవాళ ఇక్కడ ఎలక్ట్రిక్ గిటార్ వారం వారం తప్పకుండా మోగే చోటు పబ్బు కాదు, ఆదివారం ఆరాధన. అక్కడ ప్రసంగం స్పష్టంగా వినిపించాలి, ముందు బెంచీల్లో అమ్మమ్మలు కూర్చుంటారు. నాలుగు స్పీకర్ల పెట్టె సున్నితత్వం ఒక వాటుకి మీటరు దూరంలో 97 డెసిబెల్స్ అనుకున్నా, 100 వాట్లు ఇస్తే 117. వేదిక మీద దాన్ని ఎవరు ఒప్పుకుంటారు? ఇంట్లోనా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. మారేడుపల్లి అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకి 36 కిలోల పెట్టెని మోసుకెళ్లినా, దాన్ని పెట్టె లెక్కన మోగించే వేళ రోజులో ఒక్కటీ లేదు. అందుకే ఇక్కడి కుర్రాళ్లు పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ సామాను కొనుక్కుని, ఐఆర్‌లతో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకుంటున్నారు. వాళ్లలో చాలామంది మార్షల్ పెట్టె ముందు ఒక్కసారీ నిలబడి ఉండరు. వాళ్లకి ఐఆర్ నకలు కాదు, వాళ్లు వాయించే వాద్యం అదే.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఇక్కడ గుర్తొస్తారు. ఆయన చేతిలోని ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌లో గుల్ల మోగేది లేదు, సభలో జనం విన్నదంతా స్పీకర్ గొంతే. మాండలిన్ కర్ణాటక సంగీతానికి తగునా అని మొదట్లో తర్కించినవాళ్లున్నారు. ఆ నాదం వాద్యానిదా, స్పీకర్‌దా అని మాత్రం ఎవరూ తగువు పడినట్టు లేదు. గమకం పలికింది, అంతే.

నన్ను తొలిచేది వేరే సంగతి. బజారులో దొరికే ఐఆర్‌లలో ఎక్కువభాగం ఇంగ్లండు, అమెరికా పెట్టెలవి, అక్కడి స్టూడియోల్లో తీసినవి. మన దగ్గర రాణిగంజ్ నుంచి తెచ్చిన ప్లైవుడ్‌తో వడ్రంగి చేసిన పెట్టెలు, కోన్ కొత్తగా వేయించిన స్పీకర్లు, కీబోర్డూ గిటారూ మైకూ ఒకేదాంట్లో మోగించిన కాంబో ఆంప్‌లు ఎన్నో ఉండేవి. వాటి గొంతులు ఎవరి హార్డ్‌డిస్క్‌లోనూ లేవు.

నా దగ్గర అలాంటిది ఒకటుంది. లాలాగూడలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం ఇచ్చింది. ఒకే స్పీకర్, వెనక సగం తెరిచిన పెట్టె, కోన్ మీద జిగురు అతుకు. మొన్న దాని ముందు ఎస్ఎం57 పెట్టి పది సెకన్ల స్వీప్ మోగించాను. మొదటిసారి మధ్యలో రైలు కూత. రెండోసారి కూత లేదు గానీ వంటింట్లో స్టీలు గ్లాసు జారిపడింది. రికార్డింగులో అది చిన్న టక్కు. వెనక్కి మడిచి ఐఆర్ తీశాక చూస్తే ఆ టక్కు పైనుంచి కిందికి జారే సన్నటి ఈలగా మారి కూర్చుంది. మూడోసారి శుభ్రంగా వచ్చింది. అదే పెట్టెని మైకుతో, తర్వాత ఐఆర్‌తో, ఒకే వాయింపుని రెండుసార్లు విని చూశాను. క్లీన్‌గా వాయించినప్పుడు ఏది ఏదో చెప్పలేకపోయాను. గట్టిగా కొట్టిన చోట మాత్రం నిజం పెట్టె ఒక్కక్షణం ఆ అతుకు దగ్గర గుర్రుమంది. ఐఆర్ గుర్రుమనలేదు. రెండో ఫైలు కూడా చెరిపేయలేదు, గ్లాసు ఈలతో సహా అలాగే ఉంచాను.